శిక్షణ లేకుండా ప్రాజెక్ట్ మేనేజర్ అవుతున్నారా? కోర్సా, సర్టిఫికెటా, చేస్తూ నేర్చుకోవడమా

"సోమవారం నుంచి ఈ ప్రాజెక్ట్ నువ్వు చూసుకో." చాలామంది ప్రాజెక్ట్ మేనేజర్ అయ్యేది ఈ ఒక్క మాటతోనే. పద్ధతిగా చదివి, పరీక్ష రాసి, ఇంటర్వ్యూకి వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎక్కడో ఉండే ఉంటారు గానీ, నాకు తెలిసినవాళ్లలో ఎక్కువమంది పక్క సీటు ఖాళీ అయితే అందులోకి జరిగినవాళ్లే. నేనూ అంతే. మా లీడ్ వేరే టీమ్‌కి మారుతూ శుక్రవారం సాయంత్రం ఒక ఎక్సెల్ షీట్ లింక్ పంపి "ఆల్ ది బెస్ట్" అన్నాడు. అందులో 63 వరుసలున్నాయి, 41 వరుసల ఎదురుగా "నడుస్తోంది" అని ఉంది. ఎవరు నడుపుతున్నారో, ఎప్పటికి అయిపోతుందో మాత్రం ఎక్కడా లేదు.

ఆ రాత్రి నేను చేసిన మొదటి పని కోర్సుల కోసం వెతకడం. తెల్లారేసరికి బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు, పీఎంపీ, క్యాప్‌ఎం, స్క్రమ్, ప్రిన్స్ టూ, గూగుల్ సర్టిఫికెట్, అన్నీ ఈ పనికి ఇచ్చే సర్టిఫికెట్ల, పద్ధతుల పేర్లే, దేని గురించి చదివితే అదే కావాలనిపించింది. ఆ టైమ్‌లో షీట్ తెరిచి, ఆ 41 వరుసల గురించి నలుగురికి ఫోన్ చేసి ఉంటే రెండు నెలల టెన్షన్ తప్పేదని తర్వాత అర్థమైంది. అలాగని కోర్సులు దండగ అనను. కొందరికి మొదటి మెట్టు అవే. ఎవరికి ఏది నప్పుతుందో చూద్దాం.

## ముందు ఈ సంగతులు తేల్చుకోండి

అన్నిటికంటే పెద్ద ప్రశ్న: మీ చేతిలో ఇప్పటికే ప్రాజెక్ట్ ఉందా, లేక ప్రాజెక్ట్ ఎవరైనా ఇస్తే బాగుండని చూస్తున్నారా? ఈ ఇద్దరికీ ఒకే సలహా ఇచ్చేస్తుంటారు, తికమక అంతా అక్కడే మొదలవుతుంది. ప్రాజెక్ట్ నెత్తిన పడ్డవాళ్లకి ముందు వచ్చే వారం గడవాలి. ప్రాజెక్ట్ కోసం చూస్తున్నవాళ్లకి తమను నమ్మి పని అప్పగించే మనిషి దొరకాలి. ఒకరి మందు ఇంకొకరికి పనికిరాదు.

రెండోది అర్హత. కొన్ని పరీక్షలకు దరఖాస్తు చేయాలన్నా ముందే అనుభవం ఉండాలి. ఈ సంగతి చూసుకోకుండా నెలల తరబడి చదివి, చివర్లో ఫారం దగ్గర ఆగిపోయినవాళ్లున్నారు. మూడోది రంగం, అంటే సాఫ్ట్‌వేర్ టీముల్లో విలువ ఉన్న కాగితం కట్టడాల పనిలో ఎవరికీ తెలియకపోవచ్చు. మీరు వెళ్లాలనుకుంటున్న ఉద్యోగాల ప్రకటనలు ఓ ముప్పై తెరిచి ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకోండి, ఏ సలహా కంటే అది నయం. నాలుగోది రెన్యువల్. పరీక్ష ఒక్కసారి రాస్తే అయిపోదు, కొన్నిటికి రెండు మూడేళ్లకోసారి మళ్లీ గంటలు చూపించి రుసుము కట్టాలి.

ఐదోది కాస్త ఇబ్బంది పెట్టే ప్రశ్న. మీకు నిజంగా తక్కువైనది ఏంటి? మీటింగుల్లో వాళ్లు వాడే మాటలు అర్థం కావట్లేదా, పని విడగొట్టి ప్లాన్ వేయడం రావట్లేదా, లేక మీకంటే పదేళ్లు సీనియర్‌ని పట్టుకుని "ఇది ఎప్పటికి ఇస్తారు?" అని అడగడానికి నోరు రావట్లేదా? మొదటి రెండూ కోర్సుతో తీరతాయి. మూడోది ఏ కోర్సుతోనూ తీరదు.

| దారి | మొదలుపెట్టాలంటే | పరీక్ష | రెన్యువల్ | ఎవరికి |
|---|---|---|---|---|
| చేస్తూ నేర్చుకోవడం | చేతిలో ప్రాజెక్ట్ | లేదు | లేదు | ఇప్పటికే బాధ్యత మీద పడ్డవాళ్లకి |
| అనుభవజ్ఞుల తోడు | అడిగే చొరవ | లేదు | లేదు | అందరికీ |
| గూగుల్ ఆన్‌లైన్ సర్టిఫికెట్ | ఏమీ అక్కర్లేదు | కోర్సులోపలి పరీక్షలే | లేదు | బొత్తిగా కొత్తవాళ్లకి |
| క్యాప్‌ఎం | స్కూలు చదువు, 23 గంటల శిక్షణ | 150 ప్రశ్నలు, 3 గంటలు | మూడేళ్లకోసారి | అనుభవం లేకపోయినా కాగితం కావాల్సినవాళ్లకి |
| పీఎంపీ | డిగ్రీతో 36 నెలల అనుభవం, 35 గంటల శిక్షణ | 180 ప్రశ్నలు | మూడేళ్లకోసారి | మూడేళ్లుగా ఈ పనే చేస్తున్నవాళ్లకి |
| స్క్రమ్ (పీఎస్‌ఎం 1) | ఏమీ అక్కర్లేదు | 80 ప్రశ్నలు, 60 నిమిషాలు | లేదు | సాఫ్ట్‌వేర్ టీములవాళ్లకి |
| ప్రిన్స్ టూ ఫౌండేషన్ | ఏమీ అక్కర్లేదు | 60 ప్రశ్నలు, 60 నిమిషాలు | మూడేళ్లకోసారి | ఆ పద్ధతి నడిచే సంస్థలవాళ్లకి |

పరీక్షల నిబంధనలు అప్పుడప్పుడూ మారుతుంటాయి, ఫీజు కట్టే ముందు ఆ సంస్థ సైట్‌లో ఓసారి సరిచూసుకోండి.

## చేస్తూ నేర్చుకోవడం

నీళ్లలో దిగితేనే ఈత వస్తుందంటారు, నిజమే, కానీ పట్టుకోవడానికి ఒక చెక్కముక్కయినా ఉండాలి కదా. ఈ దారిలో వెళ్లేవాళ్లకి నా లెక్కలో నాలుగు కాగితాలు చాలు. ఒక పేజీలో ఈ ప్రాజెక్ట్ దేనికి, ఏది చేస్తే పూర్తయినట్టు, ఏది మన పని కాదు, చివరి మాట ఎవరిది అన్నవి. రెండోది పనుల జాబితా, ప్రతి పని ఎదురుగా ఒక్కరి పేరే, ఒక తేదీ. "టీమ్" అని రాస్తే ఎవరిదీ కాదని అర్థం. మూడోది ముప్పుల చిట్టా, ఏం చెడిపోవచ్చు, చెడితే ఏం చేస్తాం. నాలుగోది వారానికోసారి పంపే స్టేటస్ మెయిల్, స్క్రోల్ చేయకుండా చదివేంత.

అంచనాలు ఎలా వేయాలో చాలామందికి ఎవరూ చెప్పరు. "ఎన్ని రోజులు?" అని అడిగితే ఎవరైనా అన్నీ సవ్యంగా జరిగితే పట్టే రోజులే చెబుతారు. దానికో పాత చిట్కా ఉంది, 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పనికోసం తయారుచేసుకున్న పెర్ట్ పద్ధతి నుంచి వచ్చింది. మూడు అంకెలు అడగాలి: అంతా కలిసొస్తే ఎన్ని రోజులు, మామూలుగా అయితే ఎన్ని, అంతా అడ్డం తిరిగితే ఎన్ని. మామూలు అంకెను నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించాలి. 4, 6, 14 అన్నారనుకోండి, 42ను ఆరుతో భాగిస్తే 7 రోజులు. లెక్క కంటే నాకు ఎక్కువ ఉపయోగపడింది ఆ మూడో ప్రశ్న. "పద్నాలుగు ఎందుకు?" అని అడిగినప్పుడు బయటికొచ్చే జవాబే మీ ముప్పుల చిట్టాలో మొదటి వరుస.

మొదట్లో చెప్పిన ఆ షీట్‌లో పాత రికార్డులు కొత్త సిస్టమ్‌లోకి మార్చే పని ఒకటి ఉంది. శుక్రవారం అడిగితే "90 శాతం అయింది" అన్నాడు చేసే కుర్రాడు. తర్వాతి శుక్రవారమూ 90. ఆ తర్వాతదీ 90. మూడోసారి నేను మెయిల్ మానేసి కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుని, మిగిలిన పది శాతం నాకు చూపించు అన్నాను. చూపించడానికి స్క్రీన్ మీద ఏమీ లేదు. ఇంకో విభాగం నుంచి అనుమతి రావాలి, అతను నెల కిందట ఒక మెయిల్ పెట్టాడు, జవాబు రాలేదు, మళ్లీ అడిగితే బాగుండదేమోనని ఊరుకున్నాడు. నేను ఫోన్ చేస్తే మర్నాటికి అనుమతి వచ్చేసింది. అప్పట్నుంచి శాతాలు అడగడం మానేశాను. "ఇంకా ఏమేం మిగిలాయి, వాటిలో నీ చేతిలో లేనిది ఏది?" అని అడుగుతాను. ఇలాంటిది పుస్తకంలో ఉన్నా చదివి దాటేస్తాం, కుర్చీ లాక్కుని కూర్చుంటేనే ఒంటపడుతుంది.

ఇక ఈ దారిలో నష్టం ఏంటంటే, మీ ఆఫీసులో ఉన్న చెడ్డ అలవాట్లే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అనుకుని నేర్చుకుంటారు. ఆలస్యమైతే మరో నలుగుర్ని వేసేయడం మీ దగ్గర మామూలైతే అదే సరైన పద్ధతి అనుకుంటారు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్‌కి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు. ఐబీఎంలో పెద్ద ప్రాజెక్ట్ నడిపి, చేతులు కాల్చుకుని మరీ చెప్పిన మాట అది. కొత్తవాళ్లకి పని నేర్పడానికి పాతవాళ్ల టైమే పోతుంది. ఇది తెలియక నేను ఒకసారి ఇద్దర్ని అడిగి మరీ తెచ్చుకున్నాను, ఆ నెల మా టీమ్‌లో బాగా పనిచేసే అమ్మాయి వాళ్లకి ట్యూషన్ చెప్పడంతోనే సరిపోయింది.

## అనుభవం ఉన్నవాళ్ల తోడు

ఆ లోటు పూడ్చేది ఇదే, పైగా పైసా ఖర్చు లేదు. మీ పై అధికారి కాకుండా వేరే టీమ్‌లో పదేళ్లుగా ప్రాజెక్టులు నడుపుతున్న మనిషిని చూసుకుని వారానికి అరగంట అడగండి. "నాకు గైడెన్స్ ఇవ్వండి" అంటే ఎవరైనా నీతులు చెబుతారు. ప్లాన్ చేతిలో పెట్టి "ఇందులో ఏది మునుగుతుందో చూపించండి సార్" అంటే రెండు నిమిషాల్లో వేలు పెట్టి చూపిస్తారు. దొరకడం కష్టం, దొరికినా వాళ్ల టైమ్ వాళ్ల చేతిలో ఉండదు. ఇంతకంటే లోపం నాకు కనిపించలేదు.

## గూగుల్ సర్టిఫికెట్, క్యాప్‌ఎం

కొత్తవాళ్లు ముందు చూసేవి ఈ రెండే. గూగుల్ వాళ్లది 2021లో కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో వచ్చింది, అనుభవం అక్కర్లేదు, వారానికి పది గంటల్లోపు కేటాయిస్తే ఆరు నెలల్లోపే అయిపోయేలా తయారుచేశారు. చార్టర్ (ప్రాజెక్ట్ దేనికో చెప్పే కాగితం), ప్లాన్, స్టేక్‌హోల్డర్ల (ప్రాజెక్ట్‌తో సంబంధం ఉన్నవాళ్ల) జాబితా లాంటివి మీ చేత రాయిస్తారు, అది మంచి విషయం. కానీ అక్కడి ప్రాజెక్ట్ ఊహాజనితం కాబట్టి అందులో ఎవరూ మీ మెయిల్‌కి జవాబివ్వకుండా కూర్చోరు.

క్యాప్‌ఎం ఇచ్చేది పీఎంఐ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్), 1969 నుంచి ఉన్న సంస్థ, పీఎంపీ కూడా వాళ్లదే. స్కూలు చదువు, 23 గంటల శిక్షణ ఉంటే చాలు, పరీక్ష రాయొచ్చు. గూగుల్ కోర్సు చేసినవాళ్లకి ఆ గంటలు దాంతోనే వచ్చేస్తాయి. క్యాప్‌ఎం వల్ల అదనంగా ఒక లాభం, రేపు పీఎంపీకి వెళ్లినప్పుడు 35 గంటల శిక్షణ మళ్లీ చూపించక్కర్లేదు.

వీటిలో ఏది చేసినా "ప్రాజెక్ట్ మేనేజర్" ఉద్యోగం నేరుగా వస్తుందని అనుకోకండి. కోఆర్డినేటర్ లాంటి పనికి ఇంటర్వ్యూ పిలుపు రావచ్చు. అనుభవం లేనివాళ్లకి ప్రాజెక్ట్ అప్పగించడానికి ఎవరైనా జంకుతారు, ఆ జంకు కొంచెం తగ్గించే పనే ఈ కాగితాలది. చేతిలో ఇప్పటికే ప్రాజెక్ట్ ఉండి రెండేళ్లు గడిచిపోయినవాళ్లు మాత్రం క్యాప్‌ఎం జోలికి వెళ్లొద్దు, మరో ఏడాది ఆగితే పీఎంపీకే వెళ్లొచ్చు.

## పీఎంపీ

పూర్తి పేరు ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్, 1984 నుంచి ఉన్న పరీక్ష, రంగం ఏదైనా ఎక్కువగా వినపడే పేరు. నాలుగేళ్ల డిగ్రీ ఉంటే 36 నెలలు, స్కూలు చదువే ఉంటే 60 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం చూపించాలి. దాంతోపాటు 35 గంటల శిక్షణ. కాబట్టి నిన్ననే ప్రాజెక్ట్ చేతికొచ్చినవాళ్లకి ఇది ఇవాళ్టి ముచ్చట కాదు.

కానీ శిక్షణ లేకుండా ఈ పనిలోకి వచ్చినవాళ్లకి తెలియాల్సిన సంగతి ఒకటుంది: వాళ్లు అడిగేది పని, హోదా పేరు కాదు. మీ కార్డు మీద "సీనియర్ ఇంజనీర్" అనే ఉన్నా, ప్రాజెక్ట్ నడిపింది మీరైతే ఆ నెలలు లెక్కలోకి వస్తాయి. అయితే ఒకే నెలలో రెండు ప్రాజెక్టులు నడిపితే ఆ నెల ఒక్కసారే లెక్క. దరఖాస్తుల్లో కొన్నిటిని ఎంచుకుని ఆడిట్ చేస్తారు, అప్పుడు మీరు ఆ పని చేశారని చెప్పే మనిషి కావాలి. మూడేళ్ల తర్వాత కూర్చుని ఏ నెలలో ఏం చేశామో గుర్తుచేసుకోవడం నరకం, పైగా సంతకం పెట్టాల్సిన మేనేజర్ అప్పటికి ఎక్కడుంటాడో. అందుకే ఏ దారి పట్టినా మొదటి నెల నుంచే ఒక ఫైల్ పెట్టుకోండి: ప్రాజెక్ట్ పేరు, మొదలు, ముగింపు, మీ బాధ్యత, టీమ్‌లో ఎంతమంది, ఫలితం, ఎవరికి రిపోర్ట్ చేశారు. నెలకి పది నిమిషాల పని.

పరీక్ష తేలిక కాదు. 2021లో మార్చినప్పటి నుంచి అజైల్ (పనిని చిన్న ముక్కలుగా చేస్తూ, మధ్యలో మార్చుకుంటూ వెళ్లేది), హైబ్రిడ్ (దాన్ని పాత పద్ధతితో కలిపేది) పద్ధతుల మీద ప్రశ్నలు బాగా పెరిగాయి, ఎక్కువగా సందర్భం ఇచ్చి "ముందు ఏం చేస్తారు?" అని అడుగుతారు. ఏళ్ల తరబడి చేసినవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు, ఎందుకంటే వాళ్లు తమ ఆఫీసులో చేసేది చెబుతారు, పీఎంఐకి కావాల్సింది పీఎంఐ జవాబు. పాసయ్యాక మూడేళ్లకోసారి 60 పీడీయూలు చూపించాలి, అంటే సుమారు 60 గంటల చదువో, ఆ రంగానికి చేసిన సేవో.

## స్క్రమ్

స్క్రమ్ అంటే టీమ్ తన పనిని నెలలోపు చిన్న విడతలుగా చేసుకుంటూ పోయే అజైల్ పద్ధతి. దీని గురించి ఒక అపోహ తీసేయాలి. స్క్రమ్ మాస్టర్ అంటే ప్రాజెక్ట్ మేనేజర్‌కి కొత్త పేరు కాదు. కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లండ్ రాసిన స్క్రమ్ గైడ్‌లో ప్రాడక్ట్ ఓనర్ (ఏది ముందు చేయాలో తేల్చే మనిషి), స్క్రమ్ మాస్టర్ (టీమ్ ఆ పద్ధతిలో సాగేలా చూసే మనిషి), డెవలపర్లు అన్న మూడు బాధ్యతలే ఉంటాయి, ప్రాజెక్ట్ మేనేజర్ అన్న మాటకే చోటు లేదు. ఆఫీసుల్లో మాత్రం రెండూ ఒకే మనిషి నెత్తిన పెడుతుంటారు, అది వేరే గొడవ.

మీ టీమ్ స్ప్రింట్లలో (ఆ విడతల పేరు అదే) పనిచేస్తుంటే ఆ గైడ్ ఈ రాత్రే చదవండి. ఉచితం, 2020 ప్రతి పదిహేను పేజీలు కూడా లేదు. తర్వాత కాగితం కావాలనుకుంటే రెండు దారులు. పీఎస్‌ఎం 1 (ప్రొఫెషనల్ స్క్రమ్ మాస్టర్) పరీక్షకి కోర్సు తప్పనిసరి కాదు, కానీ 85 శాతం రావాలి, గంటలో 80 ప్రశ్నలంటే ఒక్కోదానికి నిమిషం కూడా ఉండదు. సీఎస్‌ఎం (సర్టిఫైడ్ స్క్రమ్ మాస్టర్)కి కోర్సులో కూర్చోవాల్సిందే, పరీక్ష సులువు, 50లో 37 చాలు, కానీ రెండేళ్లకోసారి రెన్యువల్. సొంతంగా చదువుకోగలిగేవాళ్లు మొదటిది, నలుగురితో కూర్చుని ప్రశ్నలడిగి నేర్చుకునేవాళ్లు రెండోది తీసుకోండి. సాఫ్ట్‌వేర్ బయట ఉన్నవాళ్లకి ఈ రెండూ అంతగా అక్కరకు రావు.

## ప్రిన్స్ టూ

ప్రాజెక్టులు నడపడానికి బ్రిటన్ ప్రభుత్వం దగ్గర పుట్టిన పద్ధతి, ఈ రూపంలో 1996 నుంచి ఉంది. మీ సంస్థో మీ క్లయింటో ఇది వాడుతుంటే ఫౌండేషన్ (మొదటి స్థాయి పరీక్ష) రాసేయండి, లేకపోతే పరీక్ష వదిలేసి అందులోంచి రెండు ఆలోచనలు మాత్రం తీసుకోండి. ఒకటి, ఈ ప్రాజెక్ట్ కొనసాగించడం ఇంకా లాభమేనా అని ప్రతి దశ చివరా అడగడం. రెండోది, తేదీ ఎన్ని రోజులు జరిగేదాకా మీరే సర్దుకోవచ్చు, ఎప్పుడు పైకి చెప్పాలి అన్నది ముందే ఒప్పుకుని పెట్టుకోవడం. ఈ రెండోది నాకు ముందే తెలిసుంటే సగం రాత్రులు నిద్రపట్టేది.

## వద్దనడం కూడా ఒక దారే

దీన్ని ఎవరూ జాబితాలో పెట్టరు. కోడ్ రాయడమో డిజైన్ గీయడమో ప్రాణం పెట్టి చేసేవాళ్లని, బాగా చేస్తున్నారు కదా అని మేనేజర్‌ని చేస్తారు. ఈ పనిలో రోజంతా వేరేవాళ్ల పని ఆగకుండా చూడటమే ఉంటుంది, సాయంత్రానికి మీ చేత్తో చేసింది ఇదీ అని చూపించడానికి ఏమీ మిగలదు. పైవాళ్లకీ టీమ్‌కీ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా ఉండాలి. అది పడనివాళ్లు ముందే "మూడు నెలలు చూస్తాను, నప్పకపోతే పాత పనికి వస్తాను" అని రాతపూర్వకంగా మాట తీసుకోండి. ఆ షరతు మొదట్లో పెట్టడం తేలిక, ఏడాది తర్వాత అడిగితే ఓడిపోయినట్టు కనిపిస్తుంది.

## మరి మీకేది?

ప్రాజెక్ట్ చేతిలో ఉండి తేదీ దగ్గరపడుతుంటే నాలుగు కాగితాలు, ఒక అనుభవజ్ఞుడు, అంతే. కోర్సు ఆలోచన ఆ తేదీ దాటాక. ప్రాజెక్ట్ లేకుండా బయటి నుంచి రావాలనుకునేవాళ్లు గూగుల్ కోర్సో క్యాప్‌ఎంయో ఒకటే చేసి, ఆ పక్కనే ఇప్పుడున్న ఉద్యోగంలో చిన్నదైనా సరే, ఆఫీసు మారడమో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టడమో, ఎవరూ ముట్టుకోని పని ఒకటి అడిగి తీసుకోండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ గురించి ఒక ప్రశ్న వేస్తే ఆ పని గురించి పది వేస్తారు. మూడేళ్లు దాటి ఆ హోదా పేరు లేకుండానే ఈ పని చేస్తున్నవాళ్లకి మాత్రం పీఎంపీ అని కళ్లు మూసుకుని చెబుతాను, మీ దగ్గర లేనిది కాగితమే. రెండు మూడు సర్టిఫికెట్లు వరసగా చేసేవాళ్లని చూస్తే నాకు అనుమానం, అసలు పని వాయిదా వేయడానికి చదువుకుంటున్నారేమోనని. ఇరవై ట్యాబులు తెరిచిన రాత్రి నేను చేసిందీ అదే కదా.

ఇవాళే చెప్పారా? అయితే రేపు పొద్దున్నే, ఏ కోర్సులోనూ చేరకముందే, ఈ ప్రాజెక్ట్‌కి డబ్బు ఇస్తున్న మనిషి దగ్గరికి వెళ్లి ఒకటే అడగండి: తేదీ, పని, ఖర్చు, ఈ మూడింట్లో ఇరుకున పడితే ఏది కదపొచ్చు? నేను ఈ ప్రశ్న అడిగేసరికి రెండు నెలలు దాటింది, అప్పటిదాకా తేదీ మీద అందర్నీ పరిగెత్తించాను. ఆయన తాపీగా "తేదీ ఓ నెల అటూ ఇటూ అయినా పర్లేదు, రిపోర్టుల భాగం మాత్రం తప్పుల్లేకుండా రావాలి" అన్నాడు. ఆ రిపోర్టుల భాగం మా షీట్‌లో 58వ వరుస, ఇంకా ఎవరి పేరూ లేదు.